కోర్టు పిలిచిన మనిషి



ఈ పూట కోర్టును గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. శాసనాల లోతులు త్రవ్వబోవడం లేదు. తీర్పుల మంచిచెడ్డలు తూచబోవడమూ లేదు. కోర్టు పిలిస్తే వెళ్లి, బల్ల మీద కూర్చుని, తన పేరు ఎప్పుడు వినిపిస్తుందా అని చెవి ఒగ్గి ఉండే సామాన్యుడిని గురించి చెప్పదలచాను.

మన ఇళ్లలో కోర్టు కాగితమంటే భయం. గెలిచినవాడు ఇంటికి వచ్చి ఏడిస్తే ఓడినవాడు కోర్టులోనే ఏడ్చాడని సామెత పుట్టించుకున్న జాతి మనది. ఆ గడప తొక్కకుండా ఆయుష్షు వెళ్లబుచ్చడమే మర్యాద అని నమ్మిన పెద్దలకు వారసులం. అటువంటి మన ఇళ్లకు ఇప్పుడు రెండు దిక్కుల నుంచి కోర్టు పిలుపులు వస్తున్నవి. ఒకటి సముద్రాల ఆవలి నుంచి. న్యూజెర్సీలోని ఎడిసన్‌లోనో, టెక్సాస్‌లోని హ్యూస్టన్‌లోనో కాపురం పెట్టి, అక్కడి పౌరసత్వం పుచ్చుకున్న కొడుకు ఒకనాటి రాత్రి ఫోను చేసి, "అమ్మా, నన్ను జ్యూరీకి పిలిచారు" అంటాడు. ఇక్కడ తల్లికి గుండె జారుతుంది. "నువ్వేం చేశావురా నాయనా?" అని అడుగుతుంది. రెండవ పిలుపు మరీ దగ్గరిది. బెంగుళూరు దాపునున్న జిగణి పారిశ్రామికవాడలో గ్రానైటు పలకలకు మెరుగు పెట్టే కార్ఖానాలో పని చేసుకుంటున్న అనంతపురం వైపు కుర్రవాడికి, ఎన్నడో ఊళ్లో కళ్లారా చూచిన కొట్లాట కేసులో సాక్ష్యం చెప్పవలసినదిగా హిందూపురం కోర్టు నుంచి సమను వస్తుంది.

వీరిద్దరూ ఏ పాపమూ ఎరుగరు. ఒకడు ఇతరులు చెప్పినది విని నిర్ణయించవలసినవాడు. మరొకడు తాను చూచినది చెప్పవలసినవాడు. ఇద్దరినీ కోర్టే, తనకు సాయం కావలసి, పిలిచింది. ఇద్దరూ కోర్టుకు ఇచ్చేది ఒకటే, ఒక పనిదినం. ఆ దినాన్ని కోర్టు పాడు చేయరాదు. అవసరం లేకపోతే, రావద్దని ముందునాటి సాయంత్రమే చెప్పాలి. నేను ఈ పూట చెప్పదలచిన మాట ఇంతే. మళ్లీ మళ్లీ ఇక్కడికే వస్తాను.

ముందు జ్యూరీ సంగతి. నేరం జరిగిందా లేదా, ఈ మనిషి చేశాడా లేదా అనే వాస్తవ నిర్ణయాన్ని న్యాయాధిపతికి వదలక, ఊళ్లోని మామూలు మనుషులను కొందరిని కూర్చోబెట్టి వారి చేత చెప్పించే పద్ధతికి జ్యూరీ విచారణ అని పేరు. చట్టం ఇదీ అని జడ్జి చెబుతాడు. సంగతి ఇదీ అని జ్యూరీ చెబుతుంది. ఇది మనకు కేవలం పరాయి ముచ్చట కాదు. 1861లో వెలువడిన క్రిమినల్ ప్రొసీజర్ కోడ్, ఏయే జిల్లాలలో జ్యూరీ ఉండవలెనో నిర్ణయించే అధికారాన్ని ఆయా ప్రాంతీయ ప్రభుత్వాలకు ఇచ్చింది. జ్యూరీ లేని చోట్ల అసెసర్లు ఉండేవారు. వారిని సలహా అడుగుతారు. పాటించాలనే నిర్బంధం మాత్రం జడ్జికి లేదు. పిలిచి, కూర్చోబెట్టి, అభిప్రాయం అడిగి, అవతల పెట్టడమన్నమాట. అసెసర్లను 1955లో తొలగించారు. ఎవరూ కన్నీరు కార్చినట్లు కనబడదు.

మద్రాసు హైకోర్టు సెషన్సులో తొమ్మిదిమంది జ్యూరీ కూర్చునేది. వెండితెర కథలు ఎరిగిన పెద్దలకు లక్ష్మీకాంతన్ హత్య కేసు జ్ఞాపకం ఉండే ఉంటుంది. 1944 నవంబరులో మద్రాసులో లక్ష్మీకాంతన్ అనే పత్రికా సంపాదకుణ్ణి పొడిచారు. త్యాగరాజ భాగవతార్, ఎన్.ఎస్. కృష్ణన్ వంటి మహానటులు ముద్దాయిల బోనులో నిలువవలసి వచ్చింది. వారితోపాటు నిలిచినవాడు కోయంబత్తూరు పక్షిరాజా స్టూడియో అధినేత, మన తెలుగువాడు శ్రీరాములు నాయుడు. ఆయన నిర్దోషిగా బయటపడ్డాడు. ఆ నటులిద్దరినీ జ్యూరీ దోషులన్నది; యావజ్జీవ శిక్ష పడింది. తరువాత కేసు లండనులోని ప్రివీ కౌన్సిలు దాకా వెళ్లి, తిరిగి మద్రాసు హైకోర్టుకు వచ్చి, 1947లో వారిద్దరూ విడుదల అయ్యారు. భాగవతార్ ప్రాభవం మటుకు మళ్లీ రాలేదు.

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత, సెతల్వాడ్ అధ్యక్షతన ఉన్న లా కమిషను 1958లో సమర్పించిన పదునాలుగవ నివేదికలో, జ్యూరీ పద్ధతిని ఎత్తివేయమని సిఫారసు చేసింది. మరుసటి యేడు బొంబాయిలో నానావతి కేసు వచ్చింది. నావికాదళపు అధికారి ఒకడు తన భార్య ప్రియుణ్ణి కాల్చి చంపాడు. పత్రికలు ఊదరగొట్టాయి. తొమ్మిదిమందిలో ఎనమండుగురు జ్యూరీ సభ్యులు అతడు దోషి కాడన్నారు. సెషన్స్ జడ్జి ఆ మాట అంగీకరించక కేసును హైకోర్టుకు నివేదించాడు. హైకోర్టు శిక్ష వేసింది. 1961 నవంబరులో సుప్రీంకోర్టు దానిని స్థిరపరచింది. జ్యూరీని రద్దు చేసింది నానావతి కేసే అని లోకంలో ఒక ప్రతీతి. అది సరి కాదు. కమిషను సిఫారసు అంతకు ముందటిది. ఒక్కొక్క రాష్ట్రంలో ఆ పద్ధతి క్రమక్రమంగా సన్నగిల్లి, 1974 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన కొత్త క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో చోటు లేక, దేశంలో అంతరించింది. ఒక్క పార్సీల వివాహ న్యాయస్థానాలలో మాత్రం, 1936 నాటి వారి చట్టం ప్రకారం, జడ్జి పక్కన ఆ సమాజపు ప్రతినిధులు కూర్చునే ఏర్పాటు మిగిలింది. మొదట వారు ఏడుగురు. 1988 సవరణ తరువాత ఐదుగురు.

జ్యూరీని మళ్లీ తీసుకురమ్మని నేను అడగడం లేదు. కులమూ, పక్షమూ, పలుకుబడీ ఇంతగా పెనవేసుకున్న మన ఊళ్లలో పన్నెండుమందిని కూర్చోబెట్టి నిష్పాక్షికంగా చెప్పమంటే ఏమి జరుగునో ఊహించలేనంత అమాయకులం కాము. అయితే ఆ పద్ధతి నిలిచిన దేశాలు, పిలిచిన మనుషుల కాలాన్ని ఎట్లా పొదుపు చేయాలో చాలా ఇబ్బంది పడి నేర్చుకున్నవి. నేర్చుకోదగినది అక్కడ ఉన్నది. జ్యూరీ లేకపోయినా ఆ విద్య మనకు పనికివస్తుంది.

ఇబ్బంది ఏమిటో చెబుతాను. ఒక పెళ్లి ఊహించుకోండి. మధ్యాహ్నం భోజనాలకు ఎందరు వస్తారో పెళ్లికూతురి తండ్రికి తెలియదు. రెండు వందల మంది అనుకుంటే నాలుగు వందల మంది రావచ్చు. అప్పుడు పరువు పోతుంది. ఆ భయంతో ఆయన ఊరంతా పిలుస్తాడు, వంటవాడికి ఎక్కువే చెబుతాడు. బంతికి వందమందే పడతారు. తక్కినవారు పందిట్లో నిలబడి, తింటున్నవారి విస్తళ్ల వంక చూడలేక చూస్తూ, ఎప్పుడు లేస్తారా అని కాచుకుంటారు. నాలుగో బంతికి గాని పిలుపు రాని ముసలాయన ఇంటికి పోయి ఏమంటాడో మీకు తెలుసు. కోర్టు గుమాస్తా పరిస్థితీ ఇటువంటిదే. ఒక కేసుకు పన్నెండుమంది జ్యూరీ కావాలి. కొందరికి ముద్దాయి బంధువు అవుతాడు, కొందరు కేసును గురించి ముందే విని ఉంటారు, కొందరిని వకీళ్లు కాదంటారు. కాబట్టి పన్నెండుమంది కోసం యాభై అరవై మందిని పిలవక తప్పదు. తీరా వారంతా వచ్చి కూర్చున్న ఉదయమే, జ్యూరీ వచ్చేసిందని చూచి, ముద్దాయి నేరం ఒప్పుకుంటాడు. లేదా వాది ప్రతివాదులు వరండాలో రాజీ పడతారు. అరవై మందికీ దండం పెట్టి పంపివేయాలి. వారి రోజు పోయింది. మరునాడు మళ్లీ రమ్మంటే? పూర్వం అమెరికాలో చాలాచోట్ల అట్లాగే అనేవారు. ఒకసారి పిలిస్తే రెండు వారాలో, నెలో, ప్రతి ఉదయమూ వచ్చి కూర్చోవలసిందే.

పనిపాటలున్నవారు ఏదో సాకు చెప్పి తప్పించుకునేవారు. చెప్పనక్కర లేని అదృష్టవంతులు కూడా ఉండేవారు. న్యూయార్కు రాష్ట్రంలో వైద్యులూ, వకీళ్లూ, పోలీసులూ, అగ్నిమాపక సిబ్బందీ, పురోహితులూ, కడకు శవాలకు లేపనం చేసేవారితో సహా ఇరవైకి పైబడిన వృత్తులవారికి చట్టమే మినహాయింపు ఇచ్చింది. భారమంతా తక్కినవారి నెత్తిన పడింది. 1993లో ఆ రాష్ట్రపు ప్రధాన న్యాయమూర్తి అయిన జూడిత్ కే అనే విదుషీమణి, పదవిలోకి వచ్చిన యేడే ఈ సంగతి పరిశీలించడానికి ఒక సంఘాన్ని నియమించింది. సంఘం సిఫారసుల మీద, 1996 నుంచి ఆ మినహాయింపులన్నీ రద్దయినవి. పెద్దలూ వచ్చి బల్లల మీద కూర్చోవలసి వచ్చింది. 1999లో న్యూయార్కు నగర మేయరు జూలియానీ కూడా ఒక సివిలు కేసులో జ్యూరీలో కూర్చున్నాడు. పెద్దలు కూర్చోవడం మొదలుపెట్టిన తరువాత ఆ బల్లల గట్టిదనం, ఆ ఎదురుచూపుల నిడివి పైవారికి తెలిసివచ్చి ఉంటుందని నా అనుమానం. బాధ పైమెట్టుకు ఎక్కితే గాని మందు క్రిందికి దిగదు గదా.

మరొక సంస్కరణ అంతకు ముందే, 1970ల దశకంలో, హ్యూస్టన్ వైపు నుంచి వ్యాపించింది. దాని సూత్రం చిన్నది. ఒక రోజు, లేదా ఒక కేసు. పిలుపు వచ్చిన మనిషి ఒక్క రోజు వస్తాడు. ఆ రోజు ఏ కేసుకూ ఎంపిక కాకపోతే అతడి బాధ్యత ఆనాటితో తీరింది. ఎంపిక అయితే ఆ ఒక్క కేసు ముగిసేవరకూ కూర్చుంటాడు, అంతటితో సరి. మసాచుసెట్స్, కాలిఫోర్నియా వంటి రాష్ట్రాలు దీనిని రాష్ట్రమంతటా పాటిస్తున్నవి. మళ్లీ చెబుతున్నాను. ఒక రోజు, లేదా ఒక కేసు. రెండు వారాలంటే ఏదో ఒక సాకు వెతికే మనిషి ఒక రోజంటే వస్తాడు. వచ్చేవారి సంఖ్య పెరిగితే, పిలవవలసినవారిని కొంచెం నమ్మకంగా లెక్క కట్టవచ్చు.

దీనికి తోడైనది టెలిఫోను. నాకు అన్నిటికన్నా నచ్చినది ఇదే. ఇందులో పాండిత్యం లేదు, ఖర్చూ లేదు. సమను కాగితం మీద ఒక వరుస సంఖ్య ఉంటుంది. ముందునాటి సాయంత్రం ఆ మనిషి కోర్టు నంబరుకు ఫోను చేస్తాడు. ఈ కాలంలో కోర్టువారి వెబ్‌సైటు చూచుకుంటాడు. రేపు ఇన్నో సంఖ్య నుంచి ఇన్నో సంఖ్య వరకు రావాలి, తక్కినవారు అక్కరలేదు, అని అక్కడ ఉంటుంది. అక్కరలేనివాడు నిశ్చింతగా మరునాడు పనికి పోతాడు. ఎడిసన్ కుర్రవాడు తల్లికి చెప్పవలసినది ఇదే. "అమ్మా, రేపు వెళ్లాలో లేదో సాయంత్రం తెలుస్తుంది." ఆమె గుండె అప్పటికి కుదుటపడుతుంది.

డబ్బు సంగతిలో మటుకు అక్కడివారు ఆదర్శం కారు. న్యూజెర్సీలో మొదటి మూడు రోజులకు రోజుకు 5 డాలర్లు ఇస్తూ వచ్చారు. దానితో ఒక పూట కాఫీ ఫలహారం వస్తే గొప్ప. కాలిఫోర్నియాలో మొదటి రోజుకు ఏమీ లేదు, రెండో రోజు నుంచి 15. టెక్సాస్ కొంత మేలు. 2023లో మొదటి రోజుకు 20, తరువాతి దినాలకు 58 డాలర్లు చేశారు. మసాచుసెట్స్ పద్ధతి ఆలోచించదగినది. మొదటి మూడు దినాలు యజమానే జీతం ఇవ్వాలి. నాలుగో రోజు నుంచి ప్రభుత్వం 50 డాలర్లు ఇస్తుంది. గంటల లెక్కన కూలి చేసుకునేవాడికి జ్యూరీ పిలుపు గౌరవమా, దండుగా అన్నది ఈ అంకెలలో తేలుతుంది.

ఇక మన కుర్రవాడి దగ్గరికి వద్దాం. హిందూపురం వాయిదాకు వెళ్లవలెనంటే అతడు ముందురోజు రాత్రి షిఫ్టు మానుకోవాలి. తెల్లవారుజామున లేచి జిగణి నుంచి బెంగుళూరు చేరి, అక్కడ రైలో బస్సో పట్టుకుని, పదిన్నరకు కోర్టులో ఉండాలి. వరండాలో నిలబడాలి. బంట్రోతు మూడుసార్లు పేరు పిలిచినప్పుడు పలకకపోతే వారంటు పుడుతుందేమోనని మంచినీళ్లకైనా కదలడు. ఎవరి మీద సాక్ష్యం చెప్పాలో వారూ అదే వరండాలో, అతడికి నాలుగడుగుల దూరంలో, తమ బలగంతో నిలబడి ఉంటారు. సాయంత్రం మూడున్నరకు బెంచి క్లర్కు వాయిదా తేదీ చెబుతాడు. ముద్దాయి తరఫు వకీలు వేరే కోర్టులో ఉన్నాడు. లేదా జడ్జిగారు సెలవు. లేదా జైలు నుంచి ముద్దాయిని తీసుకురాలేదు. ఈ కారణాలలో చాలామటుకు ముందునాటి సాయంత్రానికే ఎవరో ఒకరికి తెలిసినవే. జడ్జిగారి సెలవు కోర్టు ఆఫీసుకు తెలుసు. జైలు సంగతి ఎస్కార్టు పోలీసులకు తెలుసు. తెలియనివాడు ఒక్కడే, నూరు కిలోమీటర్లకు పైగా వచ్చినవాడు.

చట్టం అతణ్ణి మరచిపోయిందా? లేదు. సాక్షులు హాజరై ఉండగా, వారిని విచారించకుండా వాయిదా వేయరాదని, తప్పనిసరి అయితే ప్రత్యేక కారణాలు వ్రాయాలని 1973 కోడ్‌లోని 309వ సెక్షనే చెప్పింది. సాక్షి ఖర్చులను ప్రభుత్వం చేత ఇప్పించే అధికారాన్ని 312వ సెక్షను కోర్టుకు ఇచ్చింది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత కూడా ఈ నియమాలను కొనసాగించడమే కాక, సమన్లను ఎలక్ట్రానిక్ మార్గాన పంపవచ్చునన్నది. 2000లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు న్యాయమూర్తి వాధ్వా, సాక్షులు కోర్టుల చుట్టూ తిరిగి తిరిగి విసిగిపోతున్నారని, వారికి కూర్చునే చోటైనా లేదని, బత్తా కూడా సకాలంలో అందడం లేదని ఘాటుగా వ్రాశారు. కర్ణాటక హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా పని చేసిన మళీమఠ్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం, 2003లో తన నివేదికలో, కోర్టుకు సాయపడడానికి వచ్చిన సాక్షిని గౌరవంతో చూడాలని, అతడికి తోడ్పడడానికి ఒక ఉద్యోగిని నియమించాలని చెప్పింది. మాటలు కొరవడలేదు. సాయంత్రం ఆ ఒక్క కబురు పంపేవాడు కొరవడ్డాడు.

ఆ కబురుకు కావలసినది ఏమిటో చూడండి. క్రిమినలు కేసులలో సాక్షి సమనును సాధారణంగా పోలీసులే అందజేస్తారు. అందజేసే కానిస్టేబులు దగ్గర సాక్షి ఫోను నంబరు ఉంటుంది, లేకపోతే ఆ పూటే వ్రాసుకోవచ్చు. మరునాటి కేసుల జాబితా ముందునాటి సాయంత్రానికి సిద్ధమవుతుంది. ఆనేకల్ కోర్టులోనైనా, హిందూపురం కోర్టులోనైనా, ఒక గుమాస్తా నాలుగు గంటల వేళ ఆ జాబితా ముందు పెట్టుకుని, సర్కారు వకీలు ఆఫీసునూ ముద్దాయి తరఫు వకీలునూ ఒకమాట కనుక్కుని, సాక్షులకు "రండి", "రావద్దు" అని సందేశం పంపితే చాలు. రావద్దని చెప్పినందుకు వారంటు భయం లేకుండా, ఆ సందేశాన్ని డైరీలో వ్రాసుకోవాలి. వకీళ్లు ఇందుకు ఇష్టపడతారా అన్నది నా సంశయం. ముందురోజే "రేపు వాయిదా కోరుతాను" అని చెప్పడానికి ఏ వకీలుకూ నోరు రాదు. ఉదయం లేచి అడగడమే వారికి అలవాటు. కాబట్టి సాయంత్రం చెప్పనివాడు ఉదయం అడిగితే, ఆనాడు వచ్చిన సాక్షి కూలినీ ఛార్జీలనూ అతడి చేత కట్టించే నియమం కూడా ఉండాలి. వాయిదా కోరేవారి మీద ఖర్చులు వేసే అధికారం కోర్టుకు ఇప్పటికే ఉన్నది, వాడుకోవడమే తరువాయి. ఈ మాట వకీళ్లకు రుచించదు. ఏమి చేస్తాం?

అంతవరకూ, మీ చేతిలో ఉన్నది ఒకటి చెప్పి సెలవు తీసుకుంటాను. ఫోనులో ఈ-కోర్ట్స్ సేవల యాప్ ఉంటుంది. ప్రతి కేసుకూ పదహారు అక్షరాలూ అంకెలూ కలిసిన సీఎన్ఆర్ నంబరు ఒకటి ఉంటుంది. సమను తెచ్చినవారిని ఆ నంబరు అడిగి వ్రాసుకోండి. దానిని నొక్కితే తరువాతి వాయిదా ఎప్పుడో, కేసు ఏ దశలో ఉన్నదో కనబడుతుంది. వాయిదా మారినట్లు కనబడినా, కోర్టు ఆఫీసులోనో స్టేషనులోనో అడిగి రూఢి చేసుకోకుండా మానకండి. సమను అందిన మనిషి వెళ్లవలసిందే. వెళ్లినప్పుడు బస్సు టికెట్టు, రైలు టికెట్టు పారవేయకండి. ఆనాటి కూలి ఎంతో కార్ఖానా మేస్త్రీ చేత ఒక చీటీ వ్రాయించుకోండి. సాక్ష్యం ముగిసిన తరువాత, బోను దిగకముందే, జడ్జిగారికి నమస్కరించి, "అయ్యా, నేను జిగణి నుంచి వచ్చాను, నా ప్రయాణపు ఖర్చు ఇప్పించండి" అని విన్నవించుకోండి. తెలుగులోనే అడగవచ్చు. అందులో చిన్నతనం ఏమీ లేదు. ఉత్తర్వు వ్రాసే అధికారం ఆయనకు ఉన్నది. ఆ తరువాత బెంచి క్లర్కు దగ్గర కాగితం మీద సంతకం పెట్టి బత్తా పుచ్చుకునే బయలుదేరండి.